నామసామ్యమును దేవతలును

దేవతల పేర్లలోని పోలికలను జూపి దేశచరిత్రలను, జాతిసంబంధములను, మతముల పెద్దరికమును నిర్ణయింపబూనుట మనలో విద్యావంతుల యందే హెచ్చుగా గానవచ్చుచున్నది. ఒకరు గ్రీకుదేవత పేరును మన దేవత పేరును ప్రక్కప్రక్కల నుంచి, వారి విద్యయంతయు మననుండియే పోయినదందురు. వేరొకరు మన దేవునిపేరే పరభాషలో పిశాచనామమై యున్నదని చూపి, ఆ పరులు మనకు నాదినుండియు వైరులని తీర్పు చెప్పుదురు. ఇంకొకరు తమ యూరి పేరులో నొక పురాణపురుషుని పేరు వినబడినంతనే ఆ పురాణకథ యా యూరనే జరిగెనని నిశ్చయింతురు. ఈ మూడు వాదములకును ఆధారమొక్కటియే: పేరు. ఆ యాధారమెంత బరువును మోయగలదో, ఎచ్చట విరిగిపోవునో ఈ పాఠమున విచారింతము. నిజామాబాదు, బోధను ప్రాంతముల వారికి ఇందులకై దూరమేగ పనిలేదు. దృష్టాంతములలో సగము మన యూళ్లలోనే యున్నవి.

న్యాయస్థానములలో ననుసరించు నియమమొకటి యిచ్చట నుపకరించును. ఒక పట్టాలో పోశెట్టి యను పేరున్నది. మరియొక క్రయపత్రములోను పోశెట్టి యను పేరే యున్నది. ఇందూరు జిల్లాలో ఆ పేరు గలవారు లెక్కకు మిక్కిలి. ఆ యిద్దరు నొక్కరే యని చెప్పదలచినవాడు తండ్రిపేరును, గ్రామమును, కాలమును, భూమి హద్దులను జూపవలెను. పేరు కలిసినంత మాత్రమున ఏ న్యాయాధిపతియు భూమిని వ్రాసియీయడు. మూడెకరముల చెరకుతోటకు మన మింత సాక్ష్యమడుగుచు, జాతుల చరిత్రకును దేవతల పుట్టుకకును పేరొక్కటి చాలుననుట న్యాయమా?

ముందుగా బోధను సంగతి చూతము. భారతమందలి ఏకచక్రపురమే బోధననియు, భీముడు బకాసురుని జంపిన దిచ్చటనే యనియు ఈ ప్రాంతమున ప్రసిద్ధి గలదు. నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వములోని బకవధకథ మన యిండ్లలో నెరుగనివారు లేరు. అయితే బకుడను పేరు మన గ్రంథములలో నొక్కనిది కాదు. ఛాందోగ్యోపనిషత్తులో బకదాల్భ్యుడను ఋషి యున్నాడు. అతడు వేదాధ్యయనమునకై యేకాంతమున కేగినవాడు. భారతమున బకుడు బండెడన్నమును, దానిని దెచ్చిన మనుష్యుని గూడ మ్రింగు రాక్షసుడు. భాగవత దశమస్కంధమున బకుడు కొంగరూపమున వచ్చి బాలకృష్ణుని మ్రింగబోయి చచ్చిన వేరొక దానవుడు, పూతనకు సోదరుడు. అరణ్యపర్వమున ధర్మరాజును ప్రశ్నించిన యక్షుడు సయితము మొదట తాను బకమననే చెప్పుకొనెను. ఒక్క సంస్కృత వాఙ్మయములోనే ఋషి, నరభక్షకుడు, పక్షిదానవుడు, యక్షుడు ఒక్క పేరున నిలిచియుండగా, వేయి క్రోసుల యావలి దేశపు దేవతను పేరు విన్నంతనే మనవానిగా గుర్తింపగలమని యెట్లు నమ్ముదుము?

ఏకచక్రపురము మాదేయను ఊళ్లును పెక్కు గలవు. వంగదేశమున బీర్భూము జిల్లాలో ఏకచక్రయను గ్రామమున్నది. బీహారమున ఆరా పట్టణమువారు బకుడు తమ చెంత నుండెనందురు. బోధనునకు ఇంతకంటె గట్టి సాక్ష్యమొకటి కలదు గాని, అది వేరొక పేరునకు సంబంధించినది. బౌద్ధుల పాళీగ్రంథములు షోడశ మహాజనపదములలో అస్సకమును పేర్కొని, దాని రాజధానిని పోతన, పోతలి యని చెప్పుచున్నవి. సుత్తనిపాతమున బావరి యను బ్రాహ్మణుడు అస్సకదేశమున గోదావరీతీరమున వసించినట్లున్నది. జైనులు బాహుబలి పురమును పౌదనపురమందురు. వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి ఆస్థానమున నుండిన పంపకవి క్రీ. శ. 941లో ముగించిన ఆదిపురాణమున ఆ కథ గలదు. పోతన, పోదన, బోధన యను మార్పులో ధ్వనులు దగ్గరగా నున్నవి. గోదావరి సామీప్యమును తోడుపడుచున్నది. కావున చరిత్రకారులు పెక్కుమంది అస్సకరాజధానిని బోధనుగా గుర్తించిరి. ఏకచక్ర యను పేరునకును బోధన యను పేరునకును ధ్వనిసంబంధ మేమియు లేదు. అది జనశ్రుతి మీదనే నిలిచియున్నది. బహుధాన్యపురమను పేరు పండితులు తరువాత అర్థము చెప్పుటకై కుదిర్చినదిగా మాకు దోచుచున్నది. ఒక్క యూరికి మూడు మతములవారు మూడు కథలు చెప్పినపుడు, ఏది యే సాక్ష్యముపై నిలిచినదో విడదీసి చూచుటయే చదువరి పని. తనకు ప్రియమైనదానిని పట్టుకొని తక్కినవానిని త్రోసివేయుట కాదు.

నిజామాబాదునకు పూర్వనామము ఇందూరు. ఇది ఇంద్రుని పురమనువారు కలరు. ఇంద్ర నామము గల రాజు పేరున వెలసినదనువారును కలరు. రాష్ట్రకూటులలో ఇంద్ర నామధారులు నలుగురు రాజ్యమేలిరి గాన రెండవ మాట యసంభవము కాదు. చూడుడు: పేరులో ఇంద్రశబ్ద మున్నను, అది దేవుని జూపునో మనుష్యుని జూపునో పేరు తనంతట చెప్పజాలదు. మన యిండ్లలో రాముడను పేరు గలవారందరు అయోధ్యవారు కారు గదా.

ఇక దేశాంతర నామముల విచారణకు వత్తము. రెండు భాషలలో రెండు పేర్లు పోలియుండుటకు నాలుగు కారణము లుండవచ్చును. ఆ రెండును ఒక తల్లిభాషనుండి వారసత్వముగా వచ్చియుండవచ్చును, ఒకరినుండి మరియొకరు ఎరువు దెచ్చుకొనియుండవచ్చును, కాకతాళీయముగా కలిసియుండవచ్చును, లేదా పోలికను జూపవలెనని యెవడో కల్పించియుండవచ్చును. నాల్గింటికి నాలుగు దృష్టాంతములు చూతము.

వారసత్వమునకు బాసర సరస్వతి చక్కని దృష్టాంతము. సంస్కృతమున పదాది యందును అచ్చుల నడుమను నుండు సకారము ప్రాచీన పారసీకుల భాషలో హకారమగుట నియమము. మన సోమము వారికి హఓమ. మన సప్త వారికి హప్త. మన సింధువు వారికి హిందు. మన అసురుడు వారికి అహుర. ఈ నియమముననుసరించి మన సరస్వతి వారికి హరహ్వతి కావలెను. అవెస్తాగ్రంథమున అట్లే యున్నది. అయితే ఆ పేరు నేటి కాందహారు ప్రాంతమందలి నదికిని దేశమునకును చెల్లినది. గ్రీకులు దానినే అరఖోసియ యనిరి. పారసీకులు నదీదేవతగా కొలిచిన యామె పేరు అనాహిత. ఆమె స్వభావము మన సరస్వతికి కొంత దగ్గర; పేరునకు మాత్రము సంబంధము లేదు. పేరొకచోటికి పోయినది, దేవతాలక్షణము వేరొకచోట నిలిచినది. పేరును బట్టియే దేవతను వెదకినవాడు ఇట్టిచోట దారితప్పును.

యమధర్మరాజు విషయమున సాక్ష్య మింకను బలమైనది. ఇందూరునకు పొరుగుననే గోదావరీతీరమున ధర్మపురిలో యమునికి ఆలయమున్నది. వేదమున యముడు వివస్వంతుని కుమారుడు. మర్త్యులలో మొదట మరణించి పితృలోకమునకు రాజైనవాడు. అవెస్తాలో యిమ యను రాజున్నాడు. అతని తండ్రి వీవంహ్వంతుడు. ఇచ్చట కొడుకుపేరును కలిసినది, తండ్రిపేరును కలిసినది, ధ్వనినియమమును కుదిరినది. రాజత్వమును ఉభయులకు సమానము. దస్తావేజులో పోశెట్టిని గుర్తించుట కేమి యడిగితిమో అవి యన్నియు నిచ్చట దొరకినవి. ఇతడే యిమ క్షఏత యనబడి, కాలక్రమమున పారసీక కావ్యముల జంషీదు అయినాడు. హైదరాబాదు రాజ్యమున ఫారసీ చదివిన మన తాతలు జంషీదు పానపాత్రను గూర్చి షేరులు చెప్పుచుండిరి. ఆ జంషీదును ధర్మపురిలోని యముడును ఒక్క యింటివారని వారిలో నెందరెరుగుదురో. అయినను యిమ పిశాచలోకపు దొర కాడు. మరణము, ముసలితనము నెరుగని స్వర్ణయుగపు ప్రభువు. చుట్టరికము రుజువైనను, స్వభావము వేరైనది.

రెండవది ఎరువు. ఇందులకు బోధనువారికి చక్కెరకంటె మంచి యుదాహరణము లేదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము నీటితో ఈ నేల చెరకుపొలమైనది. 1937లో నెలకొన్న నిజాము చక్కెర కర్మాగారపు బస్తీకి శక్కర్‌నగరమను పేరు వచ్చినది. ఆ కర్మాగారము 2015లో మూతపడినను పేరు నిలిచియున్నది. ఆ శక్కర్ శబ్దము పుట్టుకచే మన శర్కర. ప్రాకృతరూపమున పారసీకమున కేగి శకరై, అరబ్బీలో సుక్కరై, యూరపుఖండము దాటి ఇంగ్లీషున షుగరై, ఫారసీ ఉర్దూల మూలమున మరల మన యూరికే వచ్చినది. ఇది సరకుతోడ నడచిన పేరు. దేవతల పేర్లును ఇట్లే నడచును. జపానుదేశమున మృతులకు తీర్పు చెప్పు దేవుని ఎన్మ యందురు. ఆ పేరు బౌద్ధభిక్షువులతో చీనాదేశమున కేగి, అచ్చటనుండి జపాను చేరిన మన యమునిదే. ఒక్క యముని పేరే పారసీకులతో వారసత్వమువలనను, జపానువారితో ఎరువువలనను సంబంధింపజేయుచున్నది. రెండు సంబంధములును నిజమే. రెండును ఒకజాతివి కావు. దీనిని విడదీయక, పోలిక కనబడినచోటనెల్ల “మనవారే బోధించిరి” యనువారు అన్నదమ్ముల పొత్తును అప్పుగా వ్రాసికొనువారిని పోలుదురు.

మూడవది కాకతాళీయము. సంస్కృత దేవశబ్దమును లాటిను దేఉస్ శబ్దమును నిజముగా సజాతీయములు. లాటిను దేఉస్, గ్రీకు థెఓస్ శబ్దములు చూపున కవలలవలె నుండును. రెండింటికిని దేవుడనియే యర్థము. అయినను వాని ధాతువులు వేరు, చుట్టరికము లేదు. ఇంగ్లీషు డెవిల్ శబ్దమును విని అది దేవశబ్దమే చెడినదని వాదించువారిని మేము సభలలో వినియున్నాము. ఆ డెవిల్, నింద మోపువాడను అర్థము గల గ్రీకు దియబొలొస్ నుండి వచ్చినది. అట్లే మన దయ్యమునకును గ్రీకు దైమోన్ శబ్దమునకును ధ్వనిలోను అర్థములోను ఎంతయో దగ్గర కనబడును. దైమోన్ పంచియిచ్చువాడను అర్థము గల ధాతువునుండి పుట్టినదందురు. దయ్యము మన దైవశబ్దపు వికృతి. వరుణుడును గ్రీకుల ఊరనొస్సును ఒక్కరేయని పందొమ్మిదవ శతాబ్దమున గొప్పవారు నమ్మిరి. ధ్వనినియమము కుదరనందున నేటి భాషావేత్తలలో అధికులు దానిని విడిచిరి. ప్రియమైన పోలికను సాక్ష్యము చాలక విడుచుట శాస్త్రమున కవమానము గాదు.

నాల్గవది కల్పన. 1784లో సర్ విలియం జోన్సుగారు గ్రీసు, ఇటలీ, హిందూదేశముల దేవతలపై వ్యాసము వ్రాసి, రోమకుల జానసునకును మన గణేశునకును పోలిక చెప్పిరి. ఆయన పొరబాట్లు విద్వాంసుని పొరబాట్లు. ఆ దారినే నడచిన విల్ఫర్డను దొర నైలునదియు, ఈజిప్టుదేశమును మన పురాణములలో వర్ణింపబడి యున్నవని 1792లో ప్రకటించెను. ఆయన కొలువులోని పండితుడు దొరకేమి కావలెనో కనిపెట్టి, వ్రాతప్రతులలో పేర్లను మార్చి, లేని శ్లోకములను చేర్చుచుండెను. బైబిలులోని నోవహు కుమారులైన షేము, హాము, యాపెతులు సంస్కృతమున శర్మ, చర్మ, జ్యాపేతులై వెలసిరి. జోన్సుగారును ఆ భాగమును ననువదించి ప్రకటించిరి. తరువాత విల్ఫర్డు ప్రతులను సరిపోల్చి చూచి మోసము గనుగొనెను. పండితుడు కోపించి శపించి, తన ప్రతులు నిజమైనవని ప్రమాణము చేయుటకు పదిమంది బ్రాహ్మణులను వెంటబెట్టుకొని వచ్చెనట! 1805లో విల్ఫర్డు తాను మోసపోయిన వృత్తాంతమును తానే యచ్చు వేయించెను. ఈ కథలో పండితునొక్కనినే నిందించుట చాలదు. పోలిక కావలెనని ముందే తీర్మానించుకొని వెదకినవాడు, ఆ పోలికను అమ్మువానిని తప్పక కలిసికొనును.

ఇంతవరకు పేర్ల చుట్టరికమును విచారించితిమి. ఇప్పుడు అంతకంటె ముఖ్యమైన సంగతి: చుట్టరికము రుజువైనచోట సయితము పేరునుబట్టి మంచిచెడ్డలు నిర్ణయింపరాదు. తుర్కీదేశమున బోఘజ్‌కోయి యను చోట 1906, 1907 సంవత్సరములలో హ్యూగో వింక్లరు త్రవ్వించిన మట్టిపలకలలో క్రీస్తునకు పూర్వము పదునాల్గవ శతాబ్దపు సంధిపత్రమొకటి దొరకెను. హిత్తీరాజును మితన్నిరాజును చేసికొన్న యా సంధికి సాక్షులుగా మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు పిలువబడిరి. అచ్చట ఇంద్రుడు ఒప్పందమునకు సాక్షియైన దేవుడు. వేదమున అతడు దేవతలలో శూరుడు. అవెస్తాలోని వెందీదాదు గ్రంథమున అదే ఇంద్రుడు పారద్రోలవలసిన దుష్టశక్తి. చిత్రమేమనగా, వేదమున ఇంద్రునికి బిరుదైన వృత్రహ శబ్దము అవెస్తాలో వెరెత్రఘ్నయై విజయదేవతగా పూజలందుచున్నది. ఆ శబ్దమే మారి మారి ఫారసీ బహ్రాము అయినది. పేరు పిశాచమైనది; బిరుదు దేవుడైనది.

అసురశబ్దము గతియు నిట్టిదే. ఋగ్వేదపు ప్రాచీనభాగములలో వరుణాదులు అసురులని గౌరవముతో పిలువబడిరి. పారసీకులకు అహురమజ్ద పరమేశ్వరుడు. మనకు కాలక్రమమున అసురులు దేవవైరులైరి. అంతట అసుర శబ్దములోని మొదటి అకారము ‘కాదు’ అను అర్థము గలదని భ్రమించి, దానిని తీసివేసి, దేవతలకు సురలను క్రొత్తపేరు కల్పింపబడినది. దీనికి ఎదురుగా దేవశబ్దము పారసీకమున దఏవయై, దీవై, దుష్టశక్తి యైనది. షాహనామాలో రుస్తుము చంపిన తెల్లని దీవు ఈ జాతివాడే.

ఈ విచిత్రమును చూచుటకు అవెస్తా చదువనక్కరలేదు. ఇందూరు వీధిలో నిలుచుండి వినిన చాలును. ఒక యింట తెలుగుతల్లి బిడ్డతో దేవునికి మ్రొక్కుమనును. ప్రక్కయింట ఉర్దూ మాటలాడు తల్లి పరీలకథ చెప్పుచు, కన్యకను చెరబట్టిన దేవ్ వచ్చెనని బిడ్డను భయపెట్టును. పదమొక్కటే; ఇచ్చట వరమిచ్చువాడు, అచ్చట రాకాసి. ఆ తల్లి మన దేవుని తిట్టుచున్నదా? ఆమె యెరుగనే యెరుగదు. రెండువేల యేండ్లకు మించిన కాలమునాడు ఇరానుదేశమున జరిగిన మతకలహపు ఛాయ ఆ కథలోని మాటపై నున్నది గాని, ఆమె హృదయమున లేదు. ఈ పదమును జూపి పొరుగువారు మన దేవతలను పిశాచములందురని రేపువాడు చదువును దుర్వినియోగము చేయుచున్నాడు. అట్టివాని నోరు మూయించుటకు మన భాషయే చాలును. దైవశబ్దమును దయ్యముగా మార్చినది పారసీకులు కారు, మనమే. ప్రాచీనాంధ్ర కావ్యములలో దయ్యమనగా దేవుడు, విధి యను అర్థములును కలవు. నేడు అదే మాటతో పిల్లలను జడిపించుచున్నాము.

ఆ మార్పు ఎట్లు కలిగెనో యోచించినచో, మన యింటిలోని తప్పొకటి కనబడును. ఒక దేవతను కొలుచువారికి బలము తగ్గినపుడు, లేక వారిని తక్కువవారిగా నెంచునపుడు, వారి దైవము పెద్దల నోట దయ్యమగును. మన ప్రాంతమున పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మలను కొలుచు రైతులును కూలివారును ఆ తల్లులను దేవతలందురు. చదివిన మనలో కొందరు వారిని క్షుద్రదేవతలందురు. ఎల్లమ్మకును రేణుకకును పేరులో నొక్క యక్షరమును కలియదు. అయినను జనులు ఇద్దరి నొక్కతెగా కొలుచుచున్నారు. రేణుక యన్నపుడు చేతులు జోడించి, ఎల్లమ్మ యన్నపుడు పెదవి విరుచువాడు దేవతను చూచి యట్లు చేయుటలేదు. ఆ పేరును పలికినవాని కులమును చూచి చేయుచున్నాడు. బలులను, మూఢాచారములను విమర్శింపవలసి వచ్చిన నిర్భయముగా విమర్శింపుడు. ఆ విమర్శకు ఆచారము విషయము కావలెను గాని, పేరు సంస్కృతమా తెలుగా యనునది కారాదు.

కావున దేవతానామముల పోలికను ఎవరైన జూపినపుడు నాలుగు ప్రశ్నలడుగుట మేలు. ఆ పేర్ల ప్రాచీనరూపము లేవి? రెండు భాషల నడుమ ఆ ధ్వనిమార్పు తక్కిన పదములలోను కనబడుచున్నదా? తండ్రి, స్థలము, కార్యము మొదలగు ఇతర సాక్ష్యములు కలియుచున్నవా? పేరు వారసత్వముగా వచ్చినదా, సరకువలె నడచి వచ్చినదా? ఈ నాలుగును తీరిన పిదప అయిదవ ప్రశ్న యొకటి మిగులును: ఈ పోలికను జూపుచున్నవాడు దానితో నేమి కొనదలచినాడు? తన జాతికి పెద్దరికమా, పొరుగువానికి అవమానమా, లేక సత్యమా? మొదటి నాలుగు ప్రశ్నలకు బదులు చెప్పగలవాడు అయిదవదానికి వెరవడు.

మన పిల్లలకు ఈ పాఠమును చెప్పుట కష్టము కాదు. శక్కర్‌నగరము పేరును, బాసర పేరును, వీధిలో వినబడు దేవ్ శబ్దమును, ఇంటిలో వినబడు దయ్యమును ఒక పలకమీద వ్రాసి, ఏది యెచ్చటినుండి వచ్చినదో కనుగొనుడని చెప్పుడు. పేర్లు మనుష్యులతో కలిసి నడచుననియు, త్రోవలో అర్థములు మారుననియు, ఒకరి దైవము వేరొకరి నోట దయ్యమైనంత మాత్రమున దైవత్వము తరుగదనియు చిన్ననాడే నేర్చిన బిడ్డ, పెద్దవాడై పేరొకటి వినినంతనే పొరుగువానిపై కర్ర యెత్తడు.